ఫ్రీగా చీర పంపి "అచ్చమైన చేనేత" అని రాయమంటున్నారు, ఏం చేయను?

గంజిచీర
నాలుగేళ్ళుగా సరదాకి ఒక బ్లాగు రాస్తున్నాను. వారానికో చీర. అది ఎవరు పెట్టారు, ఎప్పుడు కట్టాను, జాకెట్టు దేంతో కుట్టించాను, ఉతికితే ఏమైంది, అంతే. ఫోటోలు మా ఆయన తీస్తాడు, సణుక్కుంటూ. రోజుకి యాభై అరవై మంది చూస్తారు, అందులో మా అమ్మ ఒక్కతే పదిసార్లు. పైసా రాలేదు, రావాలనీ అనుకోలేదు.

పోయిన నెల ఒక షాపు వాళ్ళు మెసేజ్ పెట్టారు. "మేడం, మీ రాతలు బాగుంటాయి, ఒక మంగళగిరి చీర పంపిస్తాం, కట్టుకుని రెండు ముక్కలు రాయండి" అని. ఎగిరి గంతేసి అడ్రస్ ఇచ్చేశాను. చీరతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది, నేను ఏమేం రాయాలో అందులో ఉంది. మొదటి ముక్క "అచ్చమైన చేనేత".

కట్టి చూశాను. మనసు ఒప్పట్లేదు. మా అమ్మ దగ్గర నా చిన్నప్పటి మంగళగిరి చీర ఉంది. రెండూ పక్కపక్కన పరిస్తే అసలు చుట్టాలే కాదనిపిస్తోంది. కొత్తది మరీ నున్నగా, అచ్చు గుద్దినట్టు ఉంది. పైగా కవరు అడుగున 640 అని స్టిక్కర్ ఉంది, పీకడం మర్చిపోయినట్టున్నారు.

ఇప్పుడు రోజూ "పోస్ట్ ఎప్పుడు మేడం" అని మెసేజ్. టెన్షన్‌గా ఉంది. రాయాలా, వెనక్కి పంపాలా? అసలు చేనేతో కాదో ఇంట్లో తేల్చుకునేది ఎలా?

నిద్రమత్తు
640 చీరకి ఇంత ఆలోచనా! కట్టుకోండి, రాయకండి, నంబర్ బ్లాక్ చేయండి.

పావని_బెజవాడ
నిద్రమత్తు గారు చెప్పినట్టు చేస్తే ఆవిడకీ ఆ షాపుకీ తేడా ఏముంటుంది? ఊరికే వచ్చింది ఊరికే పోదు. కొరియర్‌లో తిప్పి పంపేయండి, రసీదు ఫోటో తీసి పెట్టుకోండి.

తిరుపతి_తింగరి
పమిట చివర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అయితే చేనేత. కరిగి గట్టి ఉండలా అంటుకుంటే మోసం.

మగ్గంవారబ్బాయి
తింగరి బ్రో, అది దారం పరీక్ష, మగ్గం పరీక్ష కాదు. కాగితం వాసన వస్తే నూలు, వెంట్రుకలు కాలిన వాసన వస్తే పట్టు, కరిగి ఉండ కడితే పాలిస్టర్. అంతవరకే తెలుస్తుంది. కరెంటుతో నడిచే మరమగ్గం మీద నేసిన నూలు చీర కూడా కాగితంలాగే కాలుతుంది.

తిరుపతి_తింగరి
అయితే ఇన్నాళ్ళూ మా ఆవిడ చీరల పోగులన్నీ అనవసరంగా కాల్చానన్నమాట.

నిద్రమత్తు
ఇంకా ఇంట్లోనే ఉండనిస్తున్నారా మిమ్మల్ని?

వరంగల్_పిల్ల
గంజిచీర అక్కా, నాకూ ఇలాగే అయింది. నాది డబ్బులు పోసి కొన్నదే. ఎగ్జిబిషన్‌లో "పోచంపల్లి" అంటే నమ్మి తీసుకున్నా. నా బ్లాగులో ఇక్కత్ గొప్పదనం మీద పేజీలకు పేజీలు రాసిన. ఆసు పోసేటప్పుడు, అంటే నేయకముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పేటప్పుడు, ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, వాళ్ళమ్మ పడే ఆ కష్టం చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది, అదీ ఇదీ అని. కింద ఇక్కత్ నేసే పుట్టపాక నుంచి ఎవరో ఒకే ఒక్క ముక్క రాసిపోయిండు: "చీర తిరగేసి చూడండి."

తిరగేసిన. వెనకవైపు రంగు వెలిసిపోయినట్టు ఉంది. అంతా ప్రింటే. అసలు ఇక్కత్‌లో నేయకముందే దారానికి ముడులు వేసి రంగు అద్దుతరు కదా, రెండు వైపులా ఒక్క తీరే కనబడాలె. పువ్వు అంచులు కూడా కొంచెం అలుక్కుపోయినట్టు ఉంటయి, గీత గీసినట్టు ఉండవు. ఇవన్నీ నేనే పైన రాసిన, నా చీర మాత్రం తిప్పి చూసుకోలే!

ఆ పోస్ట్ తీసెయ్యలే. పైన ఎర్ర అక్షరాలతో "నేను మోసపోయిన, చదివి మీరు మోసపోకండి" అని పెట్టిన. నా బ్లాగుల అందరూ ఎక్కువ చదివేది ఇప్పటికీ అదే.

గంజిచీర
మగ్గంవారబ్బాయి గారూ, మరి మగ్గం పరీక్ష ఏమిటో చెప్పండి. మీ ఇంట్లో నేస్తారా?

మగ్గంవారబ్బాయి
నేసేవాళ్ళం. మాది చీరాల పక్కన. నాన్న ముప్పై ఏళ్ళు గుంట మగ్గం మీద కూర్చున్నాడు, మోకాళ్ళు పోయాక మానేశాడు. నేను ఐటీలో పడ్డాను, కాబట్టి నన్నేమీ పండితుడు అనుకోకండి. చూసింది చెప్తాను.

చాలామంది అంచుల్లో సూది గుచ్చులు చూడమంటారు. నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకోకుండా వెడల్పుగా లాగి పట్టే కర్ర ఒకటి ఉంటుంది, దాని కొసల మేకుల గుర్తులు అంచు పొడుగునా వరసగా పడతాయి. అయితే మరమగ్గాల్లోనూ అంచు లాగే చక్రాలుంటాయి, వాటికీ గుర్తులు పడతాయి. అదొక్కటే పట్టుకుని తేల్చలేం.

నేను చూసేది వేరు. చీర కిటికీకి అడ్డంగా పట్టుకోండి, వెలుతురు వెనక నుంచి రావాలి. పేక, అంటే అడ్డం పోగు, అంతా ఒకే ఒత్తుగా, మొదటి గజం నుంచి చివరి గజం దాకా తేడా లేకుండా ఉంటే అనుమానించండి. మనిషి ఆ పోగుని చేత్తో దగ్గరకి కొడితే దెబ్బ దెబ్బకీ ఇసుమంత తేడా ఉంటుంది. పొద్దున దెబ్బ వేరు, సాయంత్రం దెబ్బ వేరు. పేక దారం చుట్టిన కండె అయిపోయి కొత్తది పెట్టినచోట పోగు చిన్నగా రెట్టిస్తుంది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, పోగు తెగితే ముడేస్తారు, వెనకవైపు వేలితో నిమిరితే తగులుతుంది.

ఇంకోటుంది. నాన్న అన్నానికి లేచి గంట తర్వాత వచ్చి మళ్ళీ మొదలెడితే, ఆ చోట అడ్డంగా సన్నటి గీత పడేది. పడుగు అంతసేపూ బిగువు మీద ఆగి ఉంటుంది కదా, మళ్ళీ మొదటి దెబ్బ కొంచెం తేడాగా పడుతుంది. మంచి నేతగాడు అది కనపడకుండా చూసుకుంటాడు, కానీ పూర్తిగా పోదు. మేం చిన్నప్పుడు దాన్ని "అన్నం గీత" అనేవాళ్ళం. నూలిచ్చి నేయించుకునే మేస్త్రి వచ్చి చీర మడత విప్పి చూసి ఆ గీతకి కూలీలో కోత పెట్టేవాడు. ఇప్పుడేమో ఆ గీత లేదు కాబట్టి చేనేత కాదేమో అని మీరు వెతుక్కుంటున్నారు. నాన్నకి ఫోన్ చేసి చెప్తే అరగంట నవ్వాడు.

ధర సంగతి. సాదా నూలు చీరకి మా ఇంట్లో రెండు రోజులు పట్టేది. అది కూడా అమ్మ కండెలు చుట్టి ఇస్తే. దారం, రంగు, జరీ, రెండు రోజుల కూలి, మేస్త్రి లాభం, షాపు లాభం అన్నీ కలిపి 640 లోపల ఎలా ఇరికిస్తారో మీరే లెక్క వేసుకోండి.

పావని_బెజవాడ
అన్నం గీత! రాత్రి పదకొండింటికి బీరువా తెరిపించారండీ.

న్యూజెర్సీ_అత్తయ్య
పావనీ, నేనూ అదే పనిలో ఉన్నా. ఇక్కడ మధ్యాహ్నం. మా అత్తగారి వెంకటగిరి చీర కిటికీకి వేలాడదీశా, పక్కింటివాళ్ళు కొత్త కర్టెన్లా అని అడిగారు.

సిరిసిల్ల_సిన్నోడు
అందరూ మరమగ్గం అంటే దొంగసొత్తు అన్నట్టు మాట్లాడుతున్నరు. మా ఊరంతా మరమగ్గాల మీదనే బతుకుతది. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరలు ఎక్కువగా నేసింది మేమే. మరమగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడేటోనికి మోకాళ్ళు నొయ్యవా? చెవులు పోతయి ఆ చప్పుడుకు. మాదీ నేతే.

మగ్గంవారబ్బాయి
తప్పుగా అనుకోకు అన్నా. మరమగ్గం చీరని మరమగ్గం చీర అని అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. చేనేత అని పేరు పెట్టి అమ్మితేనే గొడవ. 1985 చట్టంలో కొన్ని రకాలు చేనేతకే వదిలేయాలని రాశారు, ఇప్పుడు 11 రకాలు. కాగితం మీద ఉంది, అంతే.

సిరిసిల్ల_సిన్నోడు
అది ఒప్పుకుంట. కానీ ఆ పేరు పెట్టేది నేసినోడు కాదు, మధ్యల అమ్మేటోడు. తిట్లు మాత్రం మాకు.

పంతులమ్మ_రోజా
సిన్నోడు చెప్పింది నిజం. నేను గవర్నమెంట్ బళ్ళో టీచర్ని. రోజూ కట్టేవి మరమగ్గం చీరలే, ఇస్త్రీ గొడవ ఉండదు, బస్సులో నలగవు. ఇంస్టాలో చేనేత చీరల వాళ్ళు మమ్మల్ని చూసే చూపు నాకు నచ్చదు. మూడు వేల చీరకి గంజి పెట్టి ఆరేసి ఇస్త్రీ చేసే టైమ్ ఎవరికుంది? గంజిచీర గారూ, మీ పేరు చూసే అడుగుతున్నా, ఏమనుకోకండి.

గంజిచీర
ఏమీ అనుకోనండి. గంజి పెట్టేది మా ఇంట్లో నేను కాదు, మా మామగారు. రిటైరయ్యాక ఆయన తన పంచెలతో పాటు నా చీరలూ ముంచేస్తున్నారు. ఒకసారి గంజి మరీ చిక్కగా పడి చీర నిలబెడితే దానంతట అదే నిలబడింది. ఆ ఫోటో కూడా బ్లాగులో ఉంది.

కెమెరా_కన్ను
మీ బ్లాగు చూశాను (మెసేజ్‌లో లింకు అడిగి). రాత బాగుంది, ఫోటోలకే సాయం కావాలి. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేయండి ముందు. అది ముఖమే కాదు, నేతని కూడా నున్నగా చేసేస్తుంది. ఆ ఫోటో చూసి ఎవరూ చేనేతో మరమగ్గమో చెప్పలేరు. ఫ్లాష్ వద్దు, జరీ తెల్లగా పేలిపోతుంది. పొద్దున ఎనిమిది లోపు వరండా వెలుతురు చాలు.

పోయిన దసరా నాటి నెమలికంఠం చీర మీరు పెట్టిన ఆరు ఫోటోల్లో మూడింట్లో నీలంగా, మూడింట్లో పచ్చగా ఉంది. కింద ఎవరో "రెండు చీరలా?" అని అడిగారు కూడా. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కాబట్టి కట్టుకున్న మనిషి కదిలితేనే అసలు రంగు కనపడుతుంది. దానికి ఫోటో సరిపోదు, కుచ్చిళ్ళు ఊగేలా నడుస్తూ ఐదు సెకన్ల వీడియో పెట్టండి.

గంజిచీర
అమ్మో, ఇన్నాళ్ళూ మా ఆయన్ని తిట్టాను ఆ ఆరు ఫోటోలకి. సారీ చెప్పాల్సిందే.

నిద్రమత్తు
ఇక్కడ చెప్పండి, ఆధారం ఉంటుంది.

పాతకాపు
ఈ చర్చ చూస్తుంటే 2008 గుర్తొచ్చింది. పొద్దున్నే బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి సైటు తెరిచి ఎవరేం రాశారో చూసుకుని, లేఖినిలో టైపు చేసి అంటించేవాళ్ళం. నాకప్పుడు వంటల బ్లాగు ఉండేది. ఒక గుత్తివంకాయ టపా కింద 84 వ్యాఖ్యలు, అందులో 60 వేరుశనగపప్పు వేయాలా వద్దా అనే యుద్ధం. డబ్బు ఊసే లేదు.

తర్వాత నాకూ ఆశ పుట్టింది. 2018 చివర్లో బ్లాగులో ప్రకటనలకి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగుకీ వచ్చిందంటే పెట్టాను. పది డాలర్లు దాటాక అడ్రస్ చూసుకోవడానికి పిన్ నంబర్ ఉత్తరం పంపుతారు. పోస్ట్‌మ్యాన్ తెచ్చిచ్చి "అమెరికా నుంచా సార్" అని టీ డబ్బులు అడిగాడు, ఇచ్చాను. వంద డాలర్లు నిండితే గానీ డబ్బు చేతికి రాదు. ఇప్పటికి 61 అయింది. ఆ టీ డబ్బులు తీసేస్తే ఇంకా తక్కువ.

వరంగల్_పిల్ల
😂 పాతకాపు అన్నా, ఆ వంకాయ లింకు ఉందా?

పాతకాపు
ఉంది. పప్పు వేయాలి. చర్చ లేదు.

న్యూజెర్సీ_అత్తయ్య
వేయకూడదు. నువ్వులు.

లెక్కల_మాష్టారు
వంకాయ పక్కన పెట్టి అసలు విషయం. నేను సీఏని, ఇది సలహా ఫీజు లేని సలహా.

గంజిచీర గారు డబ్బు తీసుకోలేదు కదా, ఇది ప్రకటన కాదు అనుకోవచ్చు. అలా కుదరదు. ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్‌సీఐ 2021లో నియమాలు పెట్టింది, ఫ్రీగా వచ్చిన వస్తువు గురించి రాసినా ఆ సంగతి చదివేవాళ్ళకి మొదట్లోనే కనపడేలా చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా ఇదే చెప్పింది. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా ఉంది, అది వస్తువు మంచిదని చెప్పినవాళ్ళకీ వర్తిస్తుంది. మీ యాభై మంది పాఠకుల కోసం ఎవరూ రారనుకోండి. కానీ వాళ్ళిచ్చిన కాగితంలో "చేనేత" అని ఉంది, రేపు గొడవైతే ఆ మాట మీ నోట్లోంచి వచ్చినట్టు లెక్క.

పన్ను సంగతి: 2022 జూలైలో ఆదాయపు పన్ను చట్టంలో 194ఆర్ అనే సెక్షన్ వచ్చింది. ఒకరి నుంచే ఏడాదిలో 20 వేలు దాటిన వస్తువులు వస్తే ఇచ్చేవాళ్ళు పది శాతం టీడీఎస్, అంటే ముందే పన్ను, కట్టాలి, చిన్న వ్యాపారులకి మినహాయింపు ఉంది. వాడి తిరిగి ఇచ్చేస్తే లాభం కింద లెక్కే రాదు. 640కి ఇవేమీ తగలవు, కంగారు పడకండి. పట్టుచీరలు వరసగా రావడం మొదలైతే అప్పుడు రండి.

నిద్రమత్తు
సరదాకి చీర కట్టుకుంటే సెక్షన్లు కూడా కట్టుకోవాలన్నమాట.

హైద్_సాయి
అందరూ మరీ సీరియస్ అవుతున్నారు. మా చెల్లి కూడా ఇలాగే సరదాగా మొదలెట్టింది, ఇప్పుడు నెలకి నాలుగైదు షాపులు పంపిస్తాయి, ఇంటి అద్దె వెళ్ళిపోతుంది. ఆడపిల్ల నాలుగు డబ్బులు సంపాదించుకుంటే తప్పా? "నాకు ఫ్రీగా వచ్చింది" అని ఒక ముక్క పెట్టి రాసేస్తే సరి.

పావని_బెజవాడ
సాయి గారూ, సంపాదన తప్పని ఎవరన్నారు? మీ చెల్లెలు ఏనాడైనా ఏదైనా చీర బాలేదని రాసిందా?

హైద్_సాయి
అడిగాను. లేదంది. రాస్తే మళ్ళీ పంపరు కదా అంది.

పావని_బెజవాడ
అదీ సంగతి.

హైద్_సాయి
కానీ అద్దె?

పంతులమ్మ_రోజా
సాయి గారి వైపూ న్యాయముంది. ఉద్యోగం ఉన్న మనం హాబీ అంటాం. ఆ అమ్మాయికి అది ఉద్యోగం. గంజిచీర గారిది మాత్రం అద్దె సమస్య కాదు కదా.

పంచెకట్టు_బాబు
నాదీ ఒక బ్లాగుంది. పంచెల మీద. ఇంతవరకూ ఎవరూ ఫ్రీగా ఏమీ పంపలేదు, కాబట్టి నా నిజాయితీకి ఇంకా పరీక్ష రాలేదు. పొందూరు ఖద్దరు పంపేవాళ్ళుంటే పరీక్షకి సిద్ధం.

న్యూజెర్సీ_అత్తయ్య
బాబూ, నీకు ఫోటోలు దొంగిలించే బాధ అయినా లేదు. నా గద్వాల చీర ఫోటో ఒకటి, తల కత్తిరించి, వాట్సాప్‌లో అమ్మకానికి తిరుగుతోంది. నా చెల్లెలు కరీంనగర్ నుంచి నాకే పంపింది, "అక్కా, ఈ చీర బాగుంది, కొననా, అచ్చం నీ దానిలా ఉంది" అని! చీర ఒంట్లో నూలు, అంచూ పమిటా పట్టు, రెండూ కలిసే చోటు దగ్గర మా మనవడు పెట్టిన పెన్ను మరక కూడా ఉంది ఫోటోలో. మరకతో సహా 2,200 అట. అప్పటి నుంచి ముఖం ముందుకి పెట్టి, పమిట మీద చెయ్యి వేసి తీయించుకుంటున్నా. కత్తిరించడం కుదరకుండా.

కెమెరా_కన్ను
ఆ మరక మీ కాపీరైట్ ముద్ర అత్తయ్యా.

తిరుపతి_తింగరి
చేనేత మార్కు లేబుల్ ఉందా లేదా చూస్తే సరిపోదా? ఎందుకీ గోల.

మగ్గంవారబ్బాయి
ఉంటే మంచిదే. 2006 నుంచి ఉంది. కానీ ఊళ్ళో నేరుగా నేతగాడి దగ్గర కొంటే లేబుల్ ఎక్కడుంటుంది? లేబుల్ లేదు కాబట్టి చేనేత కాదు అనడానికి లేదు. పట్టుకి సిల్క్ మార్క్ వేరే ఉంది. అదీ దారం గురించే చెప్తుంది, మగ్గం గురించి కాదు. మళ్ళీ మొదటికొచ్చాం, తింగరి బ్రో.

గంజిచీర
ఆదివారం కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

నిన్న ఆ చీర పొద్దున్నే కిటికీకి కట్టి చూశాను. మొదటి గజం నుంచి చివరి దాకా ఒక్కటంటే ఒక్క తేడా లేదు. మా మామగారు కళ్ళజోడు పెట్టుకుని గజం గజం చూసి "ఇది మిషను" అని తేల్చేశారు, ఆయన పనిచేసింది రైల్వేలో అయినా. షాపుకి ఫోన్ చేసి, ఎక్కడ నేశారు, మంగళగిరిలో ఎవరి మగ్గం అని అడిగాను. "మేడం, అవన్నీ మాకు హోల్‌సేల్‌లో వస్తాయి, మీరు కాగితంలో ఉన్నది రాయండి చాలు" అన్నాడు. చేనేత అన్న ముక్క తీసేసి, ఫ్రీగా వచ్చిందని చెప్పి, మరమగ్గంలా ఉందని రాస్తానన్నాను. "అయితే వద్దు మేడం, చీర పంపేయండి" అన్నాడు. కొరియర్ ఖర్చు 90, నాదే. పావని గారు చెప్పినట్టు రసీదు ఉంచుకున్నాను. షాపు పేరు పెట్టి రాయడం నాకిష్టం లేదు, ఆ అబ్బాయి జీతగాడే పాపం.

సిరిసిల్ల తమ్ముడూ, ఒకటి చెప్పాలి. చీర బాగానే ఉంది. 640కి రోజూ కట్టుకోవడానికి చక్కగా ఉండేది. ఉన్నమాట చెప్పి పంపితే ఉన్నమాటే రాసేదాన్ని.

ఈ వారం బ్లాగులో అమ్మ పాత మంగళగిరి వస్తుంది. వంగపండు రంగు, నిజాం బోర్డర్. అది కూడా కిటికీకి కట్టాను. కుచ్చిళ్ళు వచ్చే చోట, అంచు నుంచి అంచు దాకా, అడ్డంగా ఒక గీత ఉంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. ఫోటో ఇక్కడ పెడుతున్నా. మగ్గంవారబ్బాయి గారూ, మీ నాన్నగారికి చూపించి అడుగుతారా, ఇది అన్నం గీతేనా?

సిరిసిల్ల_సిన్నోడు
గంత మాట చాలు అక్కా.

నిద్రమత్తు
నేను కూడా మా అమ్మ చీరలు తీశాను. ఎవరికీ చెప్పకండి.

మగ్గంవారబ్బాయి
ఇప్పుడే చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టుకుని, పెద్దది చేసి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. గీత చాలా సన్నగా ఉందట. అన్నానికి కాదు, టీకి లేచి ఉంటాడన్నాడు.